దీపం పక్కన పెట్టిన గింజలు

మిరుగం కార్తె దాటిన తొమ్మిదో రోజు పొద్దున చేత్తోనే పాదు తవ్వి చూశాను. ఆరు గుంటల్లో ఆరు గింజలు పెట్టాను, ఒక్కటీ పైకి రాలేదు. మట్టి జరిపితే గింజ దొరికింది కానీ, పట్టుకోగానే ఉడికిన చిక్కుడుగింజలా వేళ్ళ మధ్య నలిగిపోయింది. లోపల చీము లాంటి తడి తప్ప ఏమీ లేదు. మిగతా ఐదూ అంతే. చేతులు కడుక్కున్నాను కానీ ఆ వాసన మాపటిదాకా పోలేదు.

అవి మామూలు గుమ్మడి గింజలైతే వనపర్తి పోయి ఇంకో పొట్లం తెచ్చుకునేదాన్ని. అవి మా గోపాల్‌పేట ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేవు. నా భర్త వాళ్ళ తాత కాలం నుంచీ ఆ విత్తనం ఇంటి గడప దాటలేదు. మాఘమాసంలో మా భజన మండలి ఏడు రోజులు పారాయణం చేస్తుంది. ఏకాదశి ఉపవాసం, ద్వాదశి నాడు అన్నదానం. ఆ రోజు పంక్తి మొత్తానికి ఒకే గుమ్మడికాయతో పులుసు పెట్టాలని తాత మొక్కుకున్నాడట. అందుకే తీగకు ఒకటే కాయ ఉంచి మిగతా పిందెలు గిల్లేసేవాళ్ళు. కాయ కింద గడ్డి పరిచి, రోజూ కొంచెం కొంచెం జరిపేవాళ్ళు. కోతనాటికి అది ఇద్దరు మగవాళ్ళు గోనెసంచిలో మోస్తే తప్ప లేచేది కాదు. దేవుడికిచ్చిన విత్తనం కాబట్టి అమ్మకూడదు, ఎవరికీ పంచకూడదు. బలమైన గింజలు నలభై ఏరుకుని, మిగతావి వేయించి పంక్తిలో పిల్లలకు పెట్టేవాళ్ళం.

పోయిన కార్తీకంలో రెండు తీగలకు రెండు కాయలు వచ్చాయి. పుష్యంలో మా ఆయన చేనుకాడ కూలబడి, దవాఖానకు తీసుకుపోయేలోపే పోయారు. మాఘంలో మొదటి కాయను మా మరిది కోశాడు. రెండో కాయకు నేనే పసుపు దారం కట్టి, ఆయన సంవత్సరీకం దాకా కత్తి తగలనివ్వనని స్వామి ముందు మొక్కుకున్నాను. ఏడాది పాటు ఆరకుండా దీపం పెడతానని కూడా అనుకున్నాను. మొదటి కాయలోని నలభై గింజలు ఇత్తడి చెంబులో పోసి, ఆ దీపం ఉన్న దేవుడి గూట్లోనే పెట్టాను. అంతకంటే భద్రమైన చోటు నాకు తోచలేదు.

మొదటి ఆరూ పోయాక, తడి ఎక్కువైందేమో అనుకున్నాను. రెండోసారి ఆయన పాత ధోవతి ముక్క తడిపి, పిండి, అందులో ఎనిమిది గింజలు చుట్టి గడ్డిలో పెట్టాను. మా అత్త అట్లాగే చేసేది, మూడో రోజుకు తెల్లటి ముక్కు బయటికి వచ్చేది. ఈసారి ఐదో రోజు విప్పితే గుడ్డ మీద ఎనిమిది పసుపు మరకలు ఉన్నాయి. మూడోసారి పది గింజల అంచు గోటితో కొంచెం గిల్లి, చలికి లేవడం లేదేమోనని పెంటకుప్ప పక్కన వెచ్చటి మట్టిలో పెట్టాను. అవీ లేవలేదు. పక్కనే ఊరికే పడ్డ దోస గింజలు మాత్రం గుంపుగా మొలిచాయి. వాటిని చూస్తే భయమేసింది. మట్టిలో తప్పు లేదు, వానలో తప్పు లేదు. అయితే తప్పు ఎవరిది?

మా మరిది భార్య, అంటే నా యారాలు, పక్క వాకిట్లోనే ఉంటుంది. మనసులో మాట దాచుకోదు.

"అక్కా, నేనొక మాట అంట, కోపానికి రావద్దు."

"అను."

"గింజ పెట్టెటప్పుడు ముత్తైదువ చెయ్యి పడాలెనంటరు. నువ్వేమో గిట్ల..."

"గిట్ల అంటే ఏంది? తెల్లచీర కట్టలేదు గదా నేను."

"చీరది గాదే అక్కా. నుదురుది."

నాకు కోపం రాలేదు. అప్పటికే రాత్రింబవళ్ళు అదే మాట నా లోపల తిరుగుతోంది. "సరే, నువ్వే పెట్టు," అని పది గింజలు దాని చేతిలో పోశాను. నిండా పసుపు పూసుకుని, కొత్త గాజులు వేసుకుని, పెళ్ళికి పోతున్నట్టు వచ్చి పెట్టింది. పెట్టాక నడుం పట్టుకుని, "సూడు, వారంల కాళ్ళకు సుట్టుకుంటది తీగ," అంది. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు అదే వచ్చి తవ్వి చూసింది. మట్టి చేతులతో అక్కడే కూలబడింది.

"నా చెయ్యి గూడ గంతేనా అక్కా?"

ముప్పై నాలుగు పోయాయి, ఆరు మిగిలాయి.

కొల్లాపూర్ దగ్గర మామిడి అంట్లు కట్టే ముసలాయన ఒకరున్నారు. నా భర్త ఆయన దగ్గరే మొక్కలు తెచ్చేవారు. ఆరు గింజలూ కొంగున కట్టుకుని, వనపర్తిలో బస్సు మారి పోయాను. ఆయన ఒక గింజ తీసుకుని, అంటు కత్తితో నిలువునా చీల్చి నా ముందు పెట్టాడు. బతికిన గింజ పప్పు కొబ్బరిలా తెల్లగా ఉండాలి. ఇది ముదురు పసుపు రంగులో ముడుచుకుపోయి ఉంది. ముక్కిపోయిన నూనె వాసన వచ్చింది.

"ఎక్కడ ఎండేసినవక్కా?"

"నీడల. చేటల పోసి."

"మంచిగ జేసినవ్. దాసిందెక్కడ?"

"దేవుని గూట్ల."

ఆయన నవ్వాడు. "దేవుడే కాపలుంటే మల్ల నా దగ్గరికెందుకొచ్చినవ్?" అన్నాడు. తర్వాత, "గూట్ల దీపం పెడ్తవా?"

"పెడ్త. ఏడాది ఆరకుంట పెడ్తనని మొక్కిన."

"చెంబు దీపానికి ఎంత మీదుంటది?"

నేను జానెడు చూపించాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ముట్టుకుంటే చెంబు వేడుంటదా?"

ఉంటుంది. రోజూ పొద్దున ఆ చెంబు తీసి కళ్ళకు అద్దుకునేదాన్ని. అది వెచ్చగా తగిలేది. మా ఆయన పోయాక నా ఇంట్లో నన్ను వెచ్చగా తాకింది అదొక్కటే. స్వామి నా మొక్కు విన్నాడని, ఆ వెచ్చదనంతో జవాబు చెబుతున్నాడని అనుకున్నాను. మాఘం నుంచి మిరుగం దాకా ప్రతి రోజూ అనుకున్నాను. ఆ రోజులన్నీ గింజ లోపల మెల్లమెల్లగా చస్తూ ఉంది. ఈ మాట ముసలాయనతో చెప్పలేదు.

"ఈ ఐదు గూడ గంతేనక్కా," అన్నాడు. "ఇంకో కాయ ఉన్నదా?"

"ఉన్నది. కొయ్యొద్దు, మొక్కున్నది. పుష్యం దాకా."

"కోసుకొచ్చిందెప్పుడు?"

"కార్తీకంల."

వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుని, కత్తి మడిచి పక్కన పెట్టాడు. "ఎండకాలమంత ఇంట్లనే ఉన్నదంటే, జర బుగులైతుంది నాకు. ముదిరిన కాయల గింజ ఊకుండదు. లోపలనే మొలుస్తది. మొలిచి, వెలుతురు లేక లోపలనే సస్తది. పో అక్కా. ఇయ్యాల్నే కొయ్యి."

ఇల్లు చేరేసరికి మొగులు పట్టి ఆకాశం నల్లబడింది. నడింట్లో గడ్డి చుట్ట మీద కాయ అట్లాగే ఉంది, పసుపు దారంతో, నున్నగా, పెద్ద కొలువులో కూర్చున్నట్టు. వంగి అడుగున బొటనవేలితో నొక్కాను. ఒక చోట వేలు దిగింది. వేలి చుట్టూ నీరు చెమర్చింది.

మా మరిదిని పిలిచాను. కాయను మొదట మగవాడే కోయాలి. మా దగ్గర ఆడది పూర్ణ గుమ్మడికి కత్తి పెట్టదు. అది ఇంటికి పెద్దకొడుకు లాంటిదంటారు.

"మొక్కు తెంపుతవా వదినె?" అన్నాడు వాకిట్లోనే నిలబడి. "అన్న పేరు మీద మొక్కిన మొక్కు."

"లోపల గింజలు సస్తయంట."

"ఎవడన్నడు? మామిడంట్లు కట్టెటోడా? వానికి దేవుడు తెలుసా?"

"గింజ తెలుసు."

"నేనైతే చెయ్యి పెట్ట. పొద్దుగాల పెబ్బేరు సంతకు ఎద్దును ట్రాలీల తోల్కపోవాలె. ఇసుంటి పని జేసి పోతే తోవల ఏమైతదో ఏమో." ఒక్క అడుగు కూడా లోపలికి వేయలేదు.

వాడి వెనక నుంచి యారాలు అంది, "నువ్వు మాత్రం కొయ్యకక్కా. పెద్దకొడుకును నరికినట్టంట."

"పెద్దకొడుకు లోపల కుళ్ళుతుంటే సూసుకుంట కూసోవాల్నా?"

నేను దేవుడి గూటి ముందు కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా మండలిలో పురాణం చదివి అర్థం చెబుతున్నాను. మాట తప్పినవాళ్ళకు ఏమవుతుందో నా నోటితోనే ఎన్నిసార్లో చెప్పాను. అయితే అదే పురాణంలో, తనకిచ్చినదాన్ని చంపుకుని కూర్చోమని స్వామి ఎవరినీ అడిగినట్టు నేను చదవలేదు. ఈ గడువు స్వామి పెట్టింది కాదు, నేను పెట్టుకున్నది. దారం విప్పి గూట్లో పెట్టాను. కొడవలి తెచ్చి, కళ్ళు మూసుకోకుండా, కాయ నడుమ దించాను.

పులిసిన గాలి బుస్సుమని బయటికి వచ్చింది. కాయ రెండుగా విడిపోయాక యారాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల కండ కనపడలేదు. గుజ్జు నిండా తెల్లటి వేళ్ళు దారాల్లా అల్లుకుని ఉన్నాయి. వాటి మధ్య పాలిపోయిన మొలకలు మెడలు వంచుకుని, ఒకదాని కింద ఒకటి దూరి, ఎటు పోవాలో తెలియక చుట్టలు చుట్టుకున్నాయి. చాలా మటుకు నల్లబడి జారిపోతున్నాయి. కాయ కడుపులో ఒక చేను మొలిచి చచ్చి ఉంది.

యారాలూ నేనూ దీపం వెలుగులో ఒక్కొక్కటే విడదీశాం. వేరు ఇంకా తెల్లగా, గట్టిగా ఉన్నవి ఏడు దొరికాయి. చల్లటి మెత్తటి మట్టిలో, వేరు విరగకుండా, ఏడు డబ్బాల్లో పెట్టాం.

మర్నాడు పొద్దుగూకే వేళ మా మరిది పెబ్బేరు నుంచి వచ్చాడు. ట్రాలీ నుంచి దించేటప్పుడు ఎద్దు జారి కాలు విరగ్గొట్టుకుంది. నా వాకిలి వైపు ఒకసారి చూసి లోపలికి పోయాడు. ఆ చూపు చాలు. నా వల్లే అయిందా అని గూటి ముందు అడిగాను. దీపం ఎప్పటిలాగే వెలిగింది. ఏకాదశి నాడు మండలిలో జరిగినదంతా నేనే చెప్పాను. ఒకరిద్దరు ఆ రోజు నా చేతి తీర్థం తీసుకోలేదు. ఈసారి ద్వాదశికి కాయ ఉంటుందా అని అడిగారు. ఉంటుందని నేను చెప్పలేదు.

ఏడింటిలో నాలుగు వారం లోపే మట్టి దగ్గర నడుం విరిగి పడిపోయాయి. ఒకదాన్ని కోడి తిన్నది. ఒకటి మట్టిలోనే ఉండిపోయింది. ఏడోది లేచింది కానీ, గింజ పొట్టు తలకు టోపీలా పట్టుకుని రెండు ఆకులనూ విడవలేదు. రెండు రోజులు చూశాను. మూడో రోజు తడిగుడ్డ చుట్టి, జాము సేపు ఆగి, గోటి కొనతో లాగాను. పొట్టు వచ్చింది. దాంతోపాటు ఒక ఆకు సగం చినిగింది.

ఇప్పుడది డబ్బాలోంచి పాదులోకి మారింది. ఆ చినిగిన ఆకు పక్కన మూడో ఆకు సూదిమొనంత కనిపిస్తోంది. రోజూ పొద్దుగూకేటప్పుడు మా వాకిలి ముందు నుంచి మేకల మంద పోతుంది. అది పోయేదాకా నేను పాదు దగ్గరే కర్ర పట్టుకుని కూర్చుంటాను. నిన్న యారాలు వచ్చి పక్కన కూర్చుంది.

"కాయ కాస్తదంటవా అక్కా?"

"తెల్వదు."

కాస్తే, ఆ గింజలను పంక్తిలో విస్తరికి రెండు చొప్పున పెట్టాలని ఉంది. ఇంటికొక తీగ ఉంటే, నా లాంటిదొకతె భక్తితో చేసే తప్పుకు విత్తనమంతా పోదు. ఆ మాట యారాలితో అన్నాను.

"మొక్కుకున్నవా?" అంది.

"లేదు. అనుకున్న, గంతే."

మొగులు కిందికి దిగింది. దూరంగా మేకల మెడ గంటలు వినిపించాయి. ఇద్దరం లేచి పాదుకు చెరొక పక్క నిలబడ్డాం.