మా అత్త పిలిచిన వాన

మొన్న ఆదివారం నుంచి మా మెదక్‌లో ముసురు పట్టింది. ఏడుపాయల దగ్గర మంజీర గుడి మెట్లెక్కిందని పాలు పోసే అతను చెప్పిపోయాడు. నా పెద్దబిడ్డ ఇల్లు చిన్నదని తన కూతురి పురుడు నా దగ్గరే పెట్టింది. ఆ మనుమరాలు మూడో రోజుకే పరేషాన్ అయిపోయి, పసిదాని పొత్తిగుడ్డలు ఒక్కటీ ఆరడం లేదని, ఇస్త్రీ చేసినా చెమ్మ పోవడం లేదని, ఫ్యాను కింద తాడు కట్టి దాని చుట్టూ తిరుగుతున్నది. నేను అటక మీది వెదురు గంపను దింపించి దుమ్ము దులుపుతుంటే, "గా గంప ఎందుకే అమ్మమ్మా ఇప్పుడు?" అని నవ్వింది. ఎందుకో చెప్పాలంటే మూడు దినాల ముసురుతో అయ్యే పని కాదు, నాలుగు నెలల వాన సంగతి చెప్పాలి.

మా ఇంటాయన బండలు కొట్టే పనివాడు. మాకు పెండ్లయిన మరుసటేడు ఇక్కడ చెరువు నెర్రెలు విచ్చి, చేతికి పని లేక కూర్చున్న కాలంలో, కన్నడ దేశపు పడమటి కొండల్లో సొరంగం తవ్వుతున్నారని ఒక మేస్త్రీ చుట్టుపక్కల ఇండ్ల వాళ్ళను లారీ ఎక్కించుకొని పోయాడు. అప్పటికి నాకు ఆరో నెల. నన్నొదిలి ఉండనని మా అత్త తన రోకలితో సహా లారీ ఎక్కింది. ఏడో నెల పడగానే చేగుంటలో మా తల్లిగారింట్లో దింపి వస్తానని మా ఇంటాయన మా అవ్వకు చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఆ మాట ధైర్యంతోనే నేను పోయాను.

మేం దిగినది వైశాఖంలో. ఆ అడవిని మూడో తరగతి దాటని నేను ఏ మాటలతో చెప్పను? మన దిక్కు అడవి ఎండకాలంలో ఆకు రాల్చి ఎముకలు చూపిస్తుంది. అక్కడ మండుటెండల్లోనూ పచ్చదనం తగ్గలేదు. చెట్ల మొదళ్ళలో వేర్లు గోడల్లాగా లేచి, రెండు వేర్ల నడుమ ఒక మేక హాయిగా పడుకునేంత జాగా. పెద్ద చెట్ల కింద నడిమి చెట్లు, వాటి కింద పొదలు, కొమ్మల మీద మట్టి ఊసే లేకుండా పూసిన పూలు. కిరాణా పొట్లంలో తప్ప చూడని మిరియాలు తీగకు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే నోరు తెరుచుకొని చూశాను. నడిమధ్యాహ్నం కూడా నేల మీద రూపాయి బిళ్ళంత ఎండ పడేది. గాలి మాత్రం ఆడేది కాదు, ఒకటే ఉబ్బ.

వాగు సన్నబడి బండలు తేలి ఉంటే మా అత్త వాటినే చూస్తూ, "కరువు గూడ మన ఎంబడే లారీ ఎక్కి వచ్చిందే పిల్లా" అన్నది. ఇక్కడ వాన మొండికేసిన ప్రతి ఏడూ మా వాడకట్టులో కప్పతల్లి ఆడించింది ఆమెనే. రోకలికి తడిగుడ్డ కట్టి, అందులో కప్పను పెట్టి, వేపమండలు చుట్టి పాడుతూ ఇల్లిల్లూ తిప్పితే ఆడవాళ్ళు కప్ప మీద నీళ్ళు పోసేవాళ్ళు. మీకు తెలియనిది కాదు. ఆ కొండల్లోనూ అదే చేసింది. వేప దొరకకపోతే ఏదో ఆకు చుట్టి, వాగు మీదికి వంగిన కొమ్మపై దొరికిన అరచేయంత పచ్చ కప్పను కట్టి, మావాళ్ళ గుడిసెలన్నీ తిప్పసాగింది. మూడో గుడిసె ముందు నీళ్ళు పోయగానే ఆ కప్ప గుడ్డలోంచి లేచి, వేళ్ళ నడుమ తోలును గొడుగుల్లాగా విప్పుకొని, గాలిలో తేలుతూ అంత దూరాన ఉన్న చెట్టు మీద వాలింది! పాట ఆగిపోయింది. మా అత్త మాత్రం తేరుకొని, "మన కప్ప నేల మీదనే ఉంటది, ఇది ఎగిరిపోయి మొగులుకే చెప్తది. వాన జల్దిన వస్తది సూడుండ్రి" అన్నది. పక్క గుడిసెలో ఉండే, ఆ అడవిలోనే పుట్టి పెరిగిన ఒక ముసలమ్మ, వాళ్ళ కన్నడంలో మేమంతా అజ్జి అని పిలిచే ఆమె, చెంపకు చెయ్యి పెట్టుకొని మమ్మల్నే చూసింది.

అయిదో రోజు వాన మొదలైంది. మా అత్త గుడిసె ముందు నిలబడి తడిసి, అందరికీ బెల్లం పంచింది. వారమైంది, పక్షమైంది, నెలయింది, ఆగలేదు. ఉప్పు నీరైంది, కారానికి బూజు పట్టింది, అగ్గిపుల్ల అంటుకోలేదు, జొన్నపిండి ఉండలు కట్టింది, గుమ్మంలో అడుగు పెడితే జలగలు కాళ్ళకు పట్టుకునేవి. పనివాళ్ళు మా అత్తను ఆటపట్టించేవాళ్ళు: "పెద్దవ్వా, పిలిచింది సాలు గని, ఇగ వాపస్ పంపియ్యరాదు!" మొదట్లో ఆమె కూడా నవ్వేది. నాకు ఏడో నెల పడకముందే కొండ విరిగిపడి, కిందికి దిగే ఘాటు దారి మూసుకుపోయిన రోజు నుంచి నవ్వు ఆగిపోయింది. నన్ను చేగుంటకు దింపే దారి లేకుండా పోయింది. ఏడో నెల అట్లాగే గడిచింది, ఎనిమిదీ గడిచింది. మా ఇంటాయన రోజూ పోయి దారి చూసి తలవంచుకొని వచ్చేవాడు. శ్రావణంలో, రేకుల మీద వాన చప్పుడుకు నా కేక నాకే వినపడని ఒక పొద్దున, అజ్జి చేతుల మీద నా పెద్దబిడ్డ పుట్టింది.

అసలు కష్టం ఆ తర్వాతే. ఉన్నవి పది పొత్తిగుడ్డలు, పదీ తడివే. కట్టెలు పచ్చివి, పొయ్యి పొగ తప్ప వేడి ఇచ్చేది కాదు. పిల్ల పాదాలు మంచులాగా చల్లబడి, నాలుగో రోజుకు పాలు తాగడం తగ్గించింది. మా అత్త తన చీరను పగలంతా ఒంటి వేడితో ఆరబెట్టి, చింపి పిల్లకు చుట్టేది. చివరికి ఒకనాడు గోడకు ఆనుకొని, "వానను పిలిచే తంతులు మనకు పది ఉన్నయి బిడ్డా, పొమ్మని చెప్పే తంతు ఒక్కటి లేదు. ఎన్నడు అక్కెర పడిందని? నేనే పిలిచిన, నా మనుమరాలి మీదికే తెచ్చిన" అని ఏడ్చింది. ఏడ్చి ఊరుకోలేదు. ఆ వానలోనే పోయి, కప్ప ఎగిరిపోయిన చెట్టు కింద నిలబడి, "తప్పయింది తల్లీ, ఇగ ఆగుమని మొగులుకు జర చెప్పవే" అని దండం పెట్టింది. కాళ్ళకు జలగలతో, మోకాళ్ళ దాకా నెత్తురుతో తిరిగి వచ్చింది. ఆమె వెనకాలే అజ్జి వచ్చింది.

అజ్జి చేతిలో వెదురు గంప, తన పొయ్యి పైన దండెం మీద ఎండకాలం నుంచి దాచుకున్న ఎండు కట్టెలు, గుగ్గిలం లాంటి నల్లటి బంక ముద్ద ఉన్నాయి. కట్టెలు కాల్చి నిప్పులు చేసి, వాటి మీద బంక పలుకు వేసి, గంప బోర్లించి గుడ్డలు పరిచింది. గడియలో గుడ్డలు ఆరి, వెచ్చగా, ఏదో పూలవనం లాంటి వాసనతో చేతికొచ్చాయి. రెండు గుడ్డలు చుట్టేసరికి పిల్ల కెవ్వుమని ఏడ్చి రొమ్ము పట్టుకుంది. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

మా అత్త కన్నడం వచ్చిన మేస్త్రీని పిలిపించుకొని, వానను తిప్పి పంపే దారి అజ్జిని అడగమన్నది. అజ్జి పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్విందట. ఈ వాన ఎవరో పిలిస్తే రాలేదు, ఎవరో పొమ్మంటే పోదు, ఈ చెట్లే తాగి, ఈ చెట్లే మళ్ళీ మొగులుకు పంపుతాయి, మనం ఎండలో కట్టెలు దాచుకోవాలి అంతే అన్నదట. మీ దిక్కున చెట్లు లేవా అని కూడా అడిగిందట.

మరుసటి ఎండల్లో ఒక పెద్దముక్కు పక్షిని చూశాం. ఆడది తొర్రలోకి దూరి, ముక్కు పట్టే సందు మాత్రం వదిలి తొర్ర మూసేసుకుంటే, మగది రోజంతా పండ్లు తెచ్చి నోటికందించేది. మా అత్త కొడుకును పిలిచి మరీ చూపించి, "చూడరా, బాలింతను గట్ల సాకాలె" అన్నది. పని అయిపోయి మేం ఇంటికి వచ్చేటప్పుడు అజ్జి ఆ గంపను, ఒక బంక ముద్దను మా అత్త ఒడిలో పెట్టింది. మా అత్త దొంగతనంగా నాలుగు అడవి గింజలు కూడా కొంగున కట్టుకొని వచ్చింది గానీ, మొలిచిన ఒక్క మొక్కా మన మొదటి ఎండకే మాడిపోయింది. అప్పుడు ఆమె మన నేల మోసేవే పెడదామని పెరట్లో కానుగ, వేప, నేరేడు పెట్టి, బతికినన్నాళ్ళూ గిన్నెలు కడిగిన నీళ్ళు వాటికే పోసింది. కప్పతల్లి మాత్రం మళ్ళీ ఆడించలేదు.

ఇప్పుడు మా వాడకట్టులో ఆ ఆట తెలిసినవాళ్ళే లేరు. వాన ఎప్పుడొస్తుందో పిల్లలు ఫోనులో చూసి చెబుతారు. మంచిదే, కానీ ఎవరి గడపలోనూ ఎవరూ నీళ్ళు పోయరు, వాన వచ్చిన నాడు ఎవరూ బెల్లం పంచరు. ఆ రోకలి ఏమైందో నాకూ తెలియదు.

నిన్న మనుమరాలి ముందే నిప్పులు చేశాను. పెద్దబిడ్డ పొగ తగలకుండా పసిదాన్ని ఎత్తుకొని అవతలి గదిలోకి పోయింది. ఇన్ని పురుళ్ళకు వాడగా బంక చింతగింజంత మిగిలింది. దాన్ని గూటాంతో కొట్టి రెండు చేసి, ఒక పలుకు నిప్పుల మీద వేశాను. ఆ వాసనకు మనుమరాలు నవ్వడం ఆపి, గంప మీద గుడ్డలు తానే తిప్పసాగింది. గుడ్డ కాలకుండా గంప ఎంత ఎత్తున ఉండాలో అడిగి తెలుసుకుంది. రెండో పలుకును, ఈ పసిది పెద్దదై పురుడు పోసుకునే నాటికని, మళ్ళీ డబ్బీలో పెట్టాను. ఆ పురుటికి నేను ఉండను గానీ, పొగ వేయడం మనుమరాలికి వచ్చేసింది.