ఫోటోల్లోవాళ్ళకి పెదనాన్న చివాట్లు

పెదనాన్నకు ఒకటే జబ్బు. ఫోటోలో ఎవరైనా పని చేస్తూ కనిపిస్తే చాలు, తిట్టకుండా ఉండలేడు. పెళ్ళి ఫోటోల జోలికీ, పిల్లల ఫోటోల జోలికీ పోడు. మనిషి చేతిలో పారో, కొడవలో, నూలు పోగో ఉండాలి. అప్పుడిక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఇందులో చిక్కల్లా ఆయన తమ్ముడి కూతురికి. మ్యూజియంలో పాత ఫోటోల గది ఆమె అజమాయిషీలో ఉంది. డెబ్బై ఎనభై ఏళ్ళ కిందట పొలాల్లోనూ మిల్లుల్లోనూ తీసిన ఫోటోలు నాలుగు వేలు, ప్రతి దాంట్లోనూ జనం ఏదో ఒక పని చేస్తూనే ఉంటారు. నూలు మిల్లులో నలభై ఏళ్ళు మేస్త్రీగా చేసి రిటైరైన మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఆమె తాళం తీయడానికి వచ్చేసరికే మెట్లమీద కూర్చుని ఉండేవాడు.

"ఒరేయ్ మీసాలోడా, పార మీద వాలి నిలబడితే మట్టి దానంతటదే లేస్తుందా?"

"పెదనాన్నా, ఆయన పోయి యాభై ఏళ్ళయి ఉంటుంది."

"పోయేదాకా ఇలాగే నిలబడి ఉంటాడు."

లాభం లేదని ఆమె గోడకి 'నిశ్శబ్దం పాటించండి' అని పెద్ద బోర్డు పెట్టించింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఆసాంతం చదివాడు. "మంచి పని చేశావమ్మా. వీళ్ళు కబుర్లు మానితే గానీ పని తెమలదు" అన్నాడు, గోడమీది ఫోటోల్లో కూలీలను చూస్తూ.

ఒకసారి కోతల ఫోటో ఒకటి ఆయనకి నిద్ర లేకుండా చేసింది. ఇరవైమంది వరసగా వంగి కోస్తున్నారు, ఇరవైమందికీ కొడవలి ఎడమచేతిలోనే ఉంది. "ఊరు ఊరంతా ఇదేం వాటం?" అని మూడు రోజులు వాళ్ళని దులిపేశాడు. నాలుగో రోజు ఆమెకు అనుమానం వచ్చి దాని అసలు నెగెటివ్, గాజు పలక, తీసి చూస్తే, అచ్చు వేసినవాడు దాన్ని తిరగేసి వేశాడని తేలింది. పలక సరిగ్గా పట్టుకుంటే అందరూ కుడిచేత్తోనే కోస్తున్నారు. పాపం ఇరవైమందినీ అన్యాయంగా తిట్టానని పెదనాన్న ఒక్క మాటైనా అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది.

"ఆ అచ్చు వేసినవాడి ఫోటో ఉందా?" అన్నాడాయన.

తిట్టి ఊరుకోడు. తిట్టిందంతా ఒక లావుపాటి నోటు పుస్తకంలో రాసుకుంటాడు కూడా. ఈ గోల భరించలేక, పరిశోధనకు వచ్చినాయన ఒకరు పైఆఫీసరుకి ఫిర్యాదు చేశాడు. ఫోటోలోవాళ్ళ మీద నీడ పడి పని చెడుతోంది, పక్కకి జరగమని పెదనాన్న ఆయన్ని కసిరాడట. పైఆఫీసరు ఫోన్ చేసి, సాయంత్రంలోగా మీ పెదనాన్నగారికి ఇక రావద్దని చెప్పేయమన్నాడు.

చెబుదామని ఆమె మూడుసార్లు గొంతు సవరించుకుంది. మూడుసార్లూ మంచినీళ్ళు తాగి ఊరుకుంది. ఈ గది లేకపోతే ఆ మనిషి పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తాడు?

అంతలో డెబ్బై దాటిన ముసలావిడ ఒకరు మెల్లగా లోపలికి వచ్చింది.

"మా అమ్మ ఫోటో ఉందేమో చూస్తావా తల్లీ?"

"మా జాబితాలో పేర్లుండవండీ. నూలు మిల్లు, ఆడకూలీలు, పన్నెండుమంది, అని మాత్రమే రాసుంటుంది. పోలికలేమైనా చెప్పగలరా?"

"నాకు రెండు నెలలప్పుడే పోయింది. మొహం ఎలా ఉంటుందో నాకూ తెలియదు. చూద్దామనే వచ్చాను. ఇక్కడి మిల్లులో నూలు వడికేచోట చేసేదట. ఎడమచేతి వాటమని నాన్న చెప్పేవాడు. అంతకుమించి ఏం తెలియదమ్మా."

మిల్లు ఫోటోలే తొమ్మిది వందలున్నాయి. లేదని ఎలా చెప్పాలా అని ఆమె తటపటాయిస్తోంది. మూలన ఒక బండివాణ్ణి చెడామడా తిడుతున్న పెదనాన్న ఉన్నట్టుండి నోరు మూశాడు. అలా జరగడం అదే మొదలు.

"ఎడమచేతి పిల్లా? ఆరేళ్ళుగా ఆవిడతో వేగలేక చస్తున్నాను" అంటూ నోటు పుస్తకం తీశాడు. వేలు తడుపుకుని పేజీలు తిప్పి చదివాడు. "మూడో బీరువా, అయిదో పెట్టె. ఇటునుంచి ఏడో మనిషి. తెగిన పోగు ఎడమచేత్తో ముడివేస్తోంది. చెప్పినా వినదు. జుట్టు ముడి వదులు, మిషను బెల్టులో పడితే ప్రమాదం."

ఆమె ఆ ఫోటో తెచ్చింది. "ఇదీ తిరగేసి వేసిందేమో పెదనాన్నా?"

"అలాగైతే పన్నెండుమందీ ఎడమచేతివాళ్ళే అవుతారు కదే. మిగతావాళ్ళ చేతులు చూడు. ఇదొక్కతే."

ముసలావిడ ఫోటోని కళ్ళకి దగ్గరగా పట్టుకుంది. ఇరవయ్యేళ్ళ పిల్ల, వేళ్ళ మధ్య పోగు, పని చెడగొట్టడానికి వచ్చావా అన్నట్టు కెమెరా వైపు చూస్తోంది. వెడల్పాటి నుదురు. మెడమీదికి జారిపోతున్న జుట్టు ముడి. పెదనాన్న ఒకసారి ఫోటో వైపూ, ఒకసారి ముసలావిడ వైపూ చూశాడు. అదే నుదురు. ఆవిడ ముడి కూడా అప్పటికే సగం ఊడి భుజమ్మీద పడింది.

ఆవిడ చాలాసేపు చూసి, కళ్ళు తుడుచుకుని, పెదనాన్న వైపు తిరిగింది.

"అయితే ఆరేళ్ళుగా మా అమ్మని తిడుతున్నది మీరేనన్నమాట."

పెదనాన్న కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "మంచికేనండీ. నా చేతికింద ముగ్గురికి వేళ్ళు పోయాయి. అప్పుడు గట్టిగా అరిచి ఉంటే పోయేవి కావు." పెన్సిల్ తీసి ఒక వాక్యం కొట్టేశాడు. "ఎడమచేయి తప్పు కాదు. తీసేశాను."

"మరి జుట్టు?"

"అది తీయను."

"తీయకండి" అంటూ ఆవిడ తన ముడి బిగించుకుంది.

వాళ్ళిద్దరూ ఫోటో మీదికి వంగి ఉండగా ఆమె ఆ నోటు పుస్తకం తిరగేసింది. 'గడ్డి మోపు ఆడమనిషి, కాళ్ళకి చెప్పుల్లేవు, తొడుక్కోమని చెప్పాలి.' 'బస్తా మోసే పెద్దాయన, ఒక్కడి వల్ల కాదు, పక్కవాడు గుడ్లప్పగించి చూడకుండా చేయి వేయాలి.' జాబితాలో 'కూలీలు, పన్నెండుమంది' అని ఉన్నచోట, ఇందులో పన్నెండుమందికీ విడివిడిగా చివాట్లున్నాయి.

"ఇదంతా ఎందుకు రాశావు పెదనాన్నా?"

"మందని తిడితే ఎవడు పట్టించుకుంటాడే? ఒక్కొక్కణ్ణీ చూసి తిట్టాలి."

సాయంత్రం పైఆఫీసరు ఫోన్ చేశాడు. "ఏమైందమ్మా, మీ పెదనాన్నగారిని పంపించేశావా?"

ఆమె మూల వైపు చూసింది. ముసలావిడ ఫోటోకి వేలు చూపిస్తూ, "అమ్మా, ఆ బెల్టుకి కాస్త దూరం జరుగు. ఈయన చెప్పేది నీ మంచికే" అంటోంది. పక్కన పెదనాన్న గట్టిగా తలూపుతున్నాడు.

"లేదండీ" అందామె. "ఇప్పుడు ఇద్దరయ్యారు."