కొంగున కట్టిన ఫ్యూజులు

మోటారు తిరుగుతోంది కాని కాలువలో చుక్క పడడం లేదు. పైపులోకి ఎక్కిన నీళ్ళు గడగడమంటూ మళ్ళీ బావిలోకే జారిపోతున్నాయి. ఫుట్ వాల్వు పట్టేసిందని మా ఆయన తేల్చారు. పైపు కొసన, నీళ్ళ అడుగున ఉండే ఇనుప మూత అది. ఎక్కిన నీరు వెనక్కి రాకుండా మూసుకోవాలి. అది తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుపోయింది. బావిలోకి దిగి, మునిగి, దాన్ని కదిలించాలి.

మాది గుడియాత్తం పక్కన పల్లె. నేను మాత్రం వేలూరు బజారులో అంగడి వాళ్ళ బిడ్డను. చిన్నప్పుడు ప్రతి శనివారం మా నాన్న నన్ను భజన గోష్ఠికి తీసుకుపోయేవాడు. బడిలో అరవం చదివిన నాకు తెలుగు అక్షరాలు వచ్చింది అక్కడే, స్వామి వెయ్యి నామాలు నోటికి వచ్చింది అక్కడే. చెప్పించే పెద్దాయనకు ఒకటే కట్టుబాటు. "మొదలుపెడితే మధ్యలో ఇంకో మాట రాకూడదమ్మా. పిడుగు పడినా ముగించే లేవాల."

ఆ బావి అంటే నాకు మొదటినుంచీ భయం. మోటారు లోపలే, నీటికి కాస్త పైన ఒక రాతి దిన్నె మీద ఉంటుంది. పైనున్న కొట్టంలోంచి దానికి దిగే వైరుకు చాలా చోట్ల టేపు చుట్టి ఉంది. పక్క ఊళ్ళో అలాంటి బావిలోనే, ఇనుప పైపు పట్టుకున్న మనిషి పట్టుకున్నట్టే కరెంటుకు పోయాడు. ఆ శవాన్ని నేను చూశాను. అందుకే మా వైపు బావిలోకి దిగేవాళ్ళు ఫ్యూజులు పీకి, గట్టు మీద కూర్చున్నవాళ్ళ చేతికి ఇచ్చి దిగుతారు.

ఆయన మూడు పింగాణీ ఫ్యూజులూ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నేను కొంగున ముడేసుకున్నాను.

"బయపడొద్దు మే. పైన నీ సామి ఉండాడు, నీ కొంగులో ఫ్యూజు ఉండాది. ఇంక నాకేమైతాది?"

"సామిని, ఫ్యూజుని ఒక తక్కెట్లో పెట్టొద్దు."

"సరే, సామి పక్క కొంచెం మొగ్గనీలే," అని నవ్వుతూ మెట్లు దిగిపోయారు.

నేను కళ్ళు మూసుకుని నామాలు మొదలుపెట్టాను. కింద ఆయన మునిగినప్పుడల్లా చప్పుడు ఆగిపోయేది. తల పైకి తేలి ఊపిరి పీల్చిన శబ్దం వినబడేదాకా నా ఊపిరీ ఆడేది కాదు. మళ్ళీ పైపు మీద సుత్తి దెబ్బ. మళ్ళీ నిశ్శబ్దం. అనుకున్నదానికంటే చాలా సేపు పట్టింది. పొద్దు నడినెత్తి దాటింది.

కళ్ళు తెరిచి చూస్తే అవతలి గట్టు మీద మా మరిది, చేతిలో ఫ్యూజులతో, మోటారు కొట్టం వైపు నడుస్తున్నాడు.

బావి అన్నదమ్ములిద్దరిదీ. పొద్దుటి పూట మాది, పొద్దు నడినెత్తి దాటితే వాళ్ళది. మోటారు ఉమ్మడిదే కాని ఫ్యూజులు ఎవరివి వాళ్ళవి, వంతు అయిపోగానే పీకి ఇంటికి తీసుకుపోతారు. ఇద్దరివీ రెండు కట్చీలు, రెండు పార్టీలు. కొన్నేళ్ళ కింద ఎలక్షన్ల ముందు ఇంటి గోడ మీద ఎవరి గుర్తు రాయించాలన్న దగ్గర మాట పెరిగి, అప్పటినుంచి రెండిళ్ళ మధ్య పలుకు లేదు. బావులకు ఉచిత కరెంటు ఎవరి పుణ్యమన్నది కూడా విడివిడిగా అరుగుల మీద వాదించుకునేవాళ్ళే. వాల్వు పట్టేసిందని అతనికి మేము చెప్పలేదు. అన్న బావిలో ఉన్నాడని అతనికి తెలియదు. నా కొంగులో ఉన్నవి మా ఫ్యూజులు మాత్రమే.

పైగా అది ఆటో స్విచ్చి. మూడు ఫ్యూజులూ పడితే ఎవరూ నొక్కనక్కరలేదు, మోటారు దానంతటదే లేస్తుంది.

కేక వేయాలనుకున్నాను. నోరు తెరిస్తే నామమే వచ్చింది. దాని వెనక ఇంకో నామం. నా నాలుక నా మాట వినలేదు. కట్టుబాటు గుర్తొచ్చి కాదు, భయంతో అది ఆ దారి తప్ప ఇంకో దారి ఎరుగనట్టు పరుగెడుతోంది. ఎలా లేచానో తెలియదు. గట్టు చుట్టూ పరుగెత్తాను. కొట్టంలోకి వెళ్ళేసరికి రెండు ఫ్యూజులు బోర్డులో ఉన్నాయి, మూడోది అతని వేళ్ళలో ఉంది. ఆ మణికట్టు రెండు చేతులా పట్టుకున్నాను.

"వదినా!" అన్నాడు బిత్తరపోయి. అన్నేళ్ళ తర్వాత అదే మొదటి మాట. నా పెదవులు ఇంకా నామాలే చెబుతున్నాయి. "ఏమైంది? సామొచ్చిందా నీకు?"

నేను గడ్డంతో బావి వైపు చూపించాను. అప్పుడే కిందనుంచి సుత్తి దెబ్బ వినిపించింది. అతను గిరుక్కున అటు తిరిగాడు.

"అన్నా... లోపల?"

బోర్డులోవి పీకేసి, మూడూ నా చేతిలో పోశాడు. "ఇవి గూడా నీ కొంగులోనే కట్టుకో, వదినా." బయటికి పోయి బావిలోకి వంగాడు. "అన్నా!"

సుత్తి ఆగింది. "ఎవుర్రా అది?"

"నేనే. యాడ పట్టుకునింది?"

"మూతలో రాయి ఇరుక్కునుండాది. గడ్డపార దించు."

"మీ కట్చివాళ్ళు రాలేదా?"

"వాళ్ళొస్తే నన్ను ఈడనే మునిగుండమని మీటింగు పెడతారు. దించరా!"

గడ్డపార తాడుకు కట్టి దించాడు. రాయి ఊడింది, మూత కదిలింది. ఆయన పైకి వచ్చి, చలికి వణుకుతూ నా ముందు నిలబడి చెయ్యి చాపారు. కొంగు ముడి విప్పడం నా వేళ్ళకు రాలేదు. చివరికి ఆయన పళ్ళతో లాగి విప్పారు. ఎవరివి ఎవరివో పోల్చి, తమ్ముడి ఫ్యూజులు తమ్ముడికిచ్చారు. జరగబోయింది ఏమిటో ఆ ఇద్దరూ ఆ రోజు మాట్లాడుకోలేదు. నేనూ చెప్పలేదు.

నామాలు ఎక్కడ ఆగాయో నాకు తెలియదు. నోరు పెగలనప్పుడు నా కాళ్ళను లేపినవాడు ఆ స్వామేనని నా నమ్మకం. ఇప్పటికీ శనివారం గోష్ఠిలో అందరితో కలిసి చెబుతూ, ఆ రోజు నేను కళ్ళు తెరిచిన నామాల దగ్గరికి వచ్చేసరికి, నా చెయ్యి కొంగు తడుముకుంటుంది. ఆరూ ఉన్నాయా అని.