ఉతకని తువ్వాల

టేకులపల్లిలో ఖమ్మం ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగీ ఆగకముందే రెడ్యా కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపుకుంటాడు. మిర్చి యార్డులో పొద్దంతా బస్తాలు మోసే అతని మోకాళ్లకు ఆ ప్రయాణమే విశ్రాంతి. సోమవారం అదే యార్డులో గుమాస్తా అయిన జగదీష్ ఆ తువ్వాలను బయటి బురదలోకి విసిరేసి తాను కూర్చున్నాడు.

"ఏం రెడ్యా, సీటు మీద నీ పేరు రాసున్నదా?" అని నవ్వాడు.

ఆ తర్వాత మూడు రోజులూ రెడ్యా నిలబడే వెళ్లాడు. యార్డులో ఆ తువ్వాలతోనే మిర్చి దుమ్ము తుడిచాడు, ఉతకలేదు. శుక్రవారం దాన్ని మళ్లీ కిటికీలోంచి వేశాడు. జగదీష్ మళ్లీ తీసి పారేసి, అదే చేత్తో ముఖం మీది చెమట తుడుచుకున్నాడు. మరుక్షణం కళ్లు మూసుకుని, "నీళ్లు, నీళ్లు!" అంటూ తలుపు వైపు తడుముకుంటూ పోయాడు.

రెడ్యా ఆ సీట్లో కాళ్లు చాపి కూర్చున్నాడు.

"జల్దీ కడుక్కొని రా సారూ, నీ సీటు నేను ఆపి పెడ్త."