పంపు మెడలో దారం

పంపుకు కట్టిన రబ్బరు గొట్టం ఊడి, ప్రారంభోత్సవానికి ఏలూరు నుంచి వచ్చిన పెద్దమనిషి జరీ కండువాతో సహా తడిసిపోయిన రోజున, మా కొల్లేటి లంకలో న్యాయం చాలా చురుగ్గా పనిచేసింది. విచారణ అక్కర్లేకపోయింది. గొట్టం కట్టినవాడు మదార్ సాహెబు కాబట్టి తప్పు మదార్ సాహెబుదే.

"దారం కట్టేవాణ్ణి నమ్మాను చూడు, నన్ననుకోవాలి!" అన్నాడు పంపు తెప్పించిన బాపిరాజు, ఊరందరూ వినేటట్టు.

సాయంత్రానికి మదార్ 'దారం సాహెబు' అయ్యాడు. ఆ తరువాత చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ అతణ్ణి పంపు పనికి పిలవలేదు.

అప్పుడప్పుడే ఆయిలింజన్లు మా వైపు వస్తున్నాయి. మా చేలు కొల్లేటికన్నా పల్లం. వానలకు నిండిన నీళ్ళు గట్టు దాటించి తోడితేనే నారు బతుకుతుంది. తోడాలంటే గొట్టం పంపు మూతిని వదలకుండా పట్టుకోవాలి. పట్టి ఉంచడానికి ఇనుప పట్టీలు మద్రాసు నుంచి రావాలి. అవి వాటికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవి, వచ్చాక మా నీళ్ళకు తుప్పు పట్టేవి. ఏలూరు బజారులో సైకిళ్ళు బాగుచేసుకునే మదార్ దీనికి చౌకలో ఒక ఉపాయం కనిపెట్టాడు. పంపు మూతిని ఆకురాయితో గరుకు చేసి, పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి, దానిమీద గొట్టం తొడిగి, వలలు అల్లే నూలుతాడు పొడిగా బిగించి వరసలు చుట్టేవాడు. పైన చెంబెడు నీళ్ళు పోస్తే నూలు ఉబ్బి బిగుసుకునేది. తడిస్తే నూలు బిగుస్తుందని మా లంకలో వల అల్లే ప్రతివాడికీ తెలుసు. ఆ తెలివి వలదాకానే ఆగిపోయింది.

మదార్‌కు అణకువ అనేది లేదు. "నా కట్టు ఊడాలంటే ఏనుగును తోలుకురావాలండీ" అనేవాడు.

ఏనుగు రాలేదు. బాపిరాజు భార్య రత్నమాణిక్యమ్మ వచ్చింది.

ప్రారంభోత్సవం రోజున మదార్ గొట్టం కట్టి, నీళ్ళు పోయడానికి చెంబు అందుకునేలోగా ఆవిడ పళ్ళెంతో వచ్చింది. కొత్త వస్తువుకు పూజ చెయ్యాలి కదా. పంపుకు బొట్లు పెట్టింది. మూతి దగ్గర చుట్టిన దారం ఆవిడ కంటపడింది. మెడలో దారం కనబడ్డాక పసుపు రాయకుండా ఏ ముత్తయిదువ ఊరుకుంటుంది? గిన్నెడు నువ్వులనూనెలో పసుపు కలిపి, దారమంతటికీ వరస వరసనా ఇంకేలా రాసింది. పక్కనున్న ఆడవాళ్ళు కళ్ళకద్దుకున్నారు.

నూనె తాగిన నూలు నీళ్ళు తాగదు. మదార్ పోసిన నీళ్ళు తామరాకు మీదలా జారిపోవడం నేను పక్కనే ఉండి చూశాను. అతను ఇంకో చెంబు పోసి చూశాడు, అదీ జారిపోయింది.

"ఏమయ్యింది సాయిబుగారూ?" అన్నాను.

"ఏం లేదండీ" అన్నాడు, రత్నమాణిక్యమ్మ వైపు చూస్తూ. పూజ చేస్తున్న రాజులావిడతో ఒక సాయిబు, ఆ పసుపు తుడిచెయ్యండమ్మా అని ఎలా అంటాడు? మా జిల్లాలో మర్యాద గొప్పది. మర్యాద కోసం మనుషులు మునిగిపోవడానికైనా సిద్ధమే.

ఇంజను అందుకుంది. గొట్టం పాములా లేచింది. ఆ తరువాత జరిగింది మొదటే చెప్పాను.

మరుసటేడు తుఫాను వాన దంచింది. నారుమళ్ళు మునిగాయి. బాపిరాజు మద్రాసు నుంచి తెప్పించిన పట్టీ తుప్పు పట్టి, గొట్టాన్ని కత్తిలా కోసేసింది. ఇంకో పట్టీ వచ్చేలోగా నారు కుళ్ళిపోతుంది. దారం సాహెబును పిలుచుకురమ్మని నన్ను పంపారు. చదువుకున్నవాణ్ణని వాళ్ళ అనుమానం.

మదార్ ఇంటి గుమ్మంలో అతని భార్య చాంద్ బీ అడ్డం నిలబడింది. "ఈసారి ఎవర్ని తడపాలంటండీ? కలెక్టరుగారినా?"

"నువ్వూరుకో" అన్నాడు మదార్, అప్పటికే సంచీలో తాడు సర్దుకుంటూ. ఊడితే ఇక సైకిలు పంక్చరు కూడా తనచేత వేయించుకోరని అతనికి తెలుసు. దారిలో నెమ్మదిగా అన్నాడు: "అమ్మగారికి మీరొక్కమాట చెప్పాలండీ. నేనైతే చెప్పలేను."

నేను అరువు పుస్తకాలతో కొంత సైన్సు నేర్చుకున్నవాణ్ణి. నూలుకూ నూనెకూ ఉన్న సంబంధమంతా రత్నమాణిక్యమ్మకు విడమరిచి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "మరి పసుపు రాయకపోతే అరిష్టం కాదుటయ్యా?" అంది, గిన్నె ఎత్తుతూ.

"ఇప్పుడు వర్జ్యం అండీ" అన్నాను.

గిన్నె కింద పెట్టేసింది. సైన్సుకు మా ఊళ్ళో దక్కిన మొదటి విజయం అది.

మదార్ దారం చుట్టాడు. నీళ్ళు పోశాడు. నూలు బిగిసింది. ఇంజను తిరిగినంతసేపూ చెంబు పట్టుకుని గొట్టం పక్కనే కూర్చున్నాడు. మొదట నారు కొసలు కనపడ్డాయి, తరువాత మళ్ళు తేలాయి. చూడ్డానికి వచ్చిన పక్క ఊరి రైతులతో బాపిరాజు అన్నాడు: "ఇనుము మన నీళ్ళకు ఆగదండీ. అందుకే నేను దారం కట్టించాను."

ఏడాది తిరక్కుండా ఆ కట్టు కొల్లేటి చుట్టూ పాకింది, బాపిరాజు కట్టు అనే పేరుతో. ఒకసారి చూస్తే ఎవడైనా కట్టుకోగల పని. ఇంక మదార్‌ను పిలవడం దేనికి? అతను ఏలూరు వదిలి, తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో తోలు బెల్టులు కుట్టే పనిలో చేరాడు.

కిందటి నెల గూడెం స్టేషన్లో కనిపించాడు. నాకు ఒళ్ళు మండి, "మీ కట్టుకు ఆయన పేరేమిటండీ? వెళ్ళి అడగరేం?" అన్నాను.

మదార్ నా మాట పట్టించుకోలేదు. "అమ్మగారు పంపుకు పూజ చేస్తున్నారా అండీ?" అని అడిగాడు.

"దసరా దసరాకీ చేస్తోంది. నేను వర్జ్యం అన్నా ఇప్పుడు నమ్మడంలేదు. పంచాంగం తెప్పించుకుంది."

"నూనె కూడానా అండీ?"

"గిన్నెడు."

మదార్ బీడీ వెలిగించుకుని, చాలా తృప్తిగా పొగ వదిలాడు.

"రాసుకోనివ్వండి. ఇప్పుడది బాపిరాజుగారి కట్టు కదండీ" అన్నాడు.