పాలు ఇంకిన రోజులు

మొదటి కాన్పుకు నెలలు నిండుతుండగా ఒక ఉదయం బిడ్డ కదలలేదు. మా ఊరు సుంగై సుమున్‌లోని క్లినిక్‌కు పరుగెత్తాం. అక్కడి నర్సును ఊరంతా మిస్సీ అంటాం. ఆ మలయ్ ఆవిడ నా పొట్ట మీద యంత్రం ఆనించి చాలాసేపు గుండె చప్పుడు కోసం వెతికింది. తరువాత యంత్రం పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

తెలుక్ ఇంటాన్ పట్నంలోని పెద్దాసుపత్రిలో ఆడపిల్లను కన్నాను. ఏడుపు వినిపించలేదు. జ్వరం, మందుల మత్తు దిగి నేను కళ్ళు తెరిచేసరికి మా ఆయన పాపను పూడ్చిపెట్టి వచ్చేశాడు.

ఇంటికొచ్చాక మా అత్త వేణ్ణీళ్ళు కాచింది.

"నాకెందుకత్తా ఇయ్యన్నీ?"

"బిడ్డ నేకపోతే ఏటి? కన్నావు కదా. బాలింతవే. రా, నీళ్ళు పోస్తాను."

నా నడుముకు నూనె రాస్తూ ఆమె ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. పాలు మాత్రం వచ్చాయి. రవికలు తడిసిపోయేవి. పాలు ఇంకిపోతాయని అత్త మల్లెపూలు కోసుకొచ్చి, గుడ్డలో పరిచి నా రొమ్ములకు కట్టింది.

బాలింతల ఇళ్ళకు వెళ్ళి చూసిరావడం మిస్సీ పని. బిడ్డ లేని ఇంటికి ఆవిడ రాదనుకున్నాను. వచ్చింది. కుట్లు చూసింది, బీపీ చూసింది. మల్లెపూల కట్టు ఉంచుకోమంది. పాలు పిండొద్దని, సలుపు ఎక్కువైతే చల్లటి తడిగుడ్డ వేసుకోమని చెప్పింది. వెళ్ళబోతూ మెల్లగా అడిగింది:

"పాప ముఖం చూశావా?"

లేదని తల ఊపాను. ఆవిడ గుమ్మంలో నిలబడ్డ మా ఆయన వైపు తిరిగింది.

"మీరు చూశారు కదా. ఆమెకు చెప్పండి."

ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఆయన అక్కడే నిలబడ్డాడు. చివరికి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"సెప్తే నువ్వు తట్టుకోనేవనుకున్నాను."

"సెప్పు."

"జుత్తు ఒత్తుగా ఉండింది. పెదాలు నీయే. సెవులు మాత్రం మా నాన్నవి, పెద్దవి."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపు తన్నుకొచ్చింది. వంటింట్లో అత్త పొయ్యి ఆపేసి వచ్చి నా తల ఒళ్ళోకి తీసుకుంది.

మాకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు. మా ఆయన తనంతట తాను పాప మాట ఎత్తడు. నేను అడిగిన రోజున మాత్రం, ఏ పనిలో ఉన్నా ఆపి, పక్కన కూర్చుని చెప్తాడు.