మాట్లాడకుండా నిలబడినవాడు

విష్ణుతేజ చేసిన తప్పేమిటని అడిగితే ఒక్క ముక్కలో చెప్పవచ్చు. నిలబడ్డాడు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, నోరు కూడా విప్పలేదు. ఊరికే నిలబడ్డాడు. అదీ ఒక తప్పేనా అని కొన్నాళ్లు తనకు తానే సర్దిచెప్పుకున్నాడు కూడా. తప్పే. చిన్న తప్పు కూడా కాదు.

వాళ్లది పులివెందుల. తండ్రి బాలసుబ్బయ్య బస్టాండు వెనక వీధిలో ఒక చిన్న ఆంజనేయస్వామి గుడికి పూజారి. పిల్లవాడు పుట్టుకతోనే మెత్తన. గొంతు మరీ సన్నం. ఇంటర్ అయిపోయేదాకా ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్లు "మీ నాయనను పిలుచు పాపా" అనేవాళ్లు. ఎదుటి మనిషి కళ్లలోకి చూడలేడు. ఎవరితో మాట్లాడినా వాళ్ల తలకు జానెడు పైన చూపు నిలుపుతాడు. గుళ్లో తీర్థం పోసేటప్పుడూ అంతే, సగం చేతిలో పడితే సగం మణికట్టు మీద పడేది.

ఆ పిల్లవాడు డిగ్రీకని మా ప్రొద్దుటూరు వచ్చాడు. చేరిన రోజు సాయంత్రం కాలేజీ ఎదుట టీ బంకు దగ్గర సుహాస్ అడిగాడు, "యా ఊరప్పా?" అని. సుహాస్ బట్టల అంగడివాళ్ల అబ్బాయి, తరగతిలో అందరికంటే పెద్ద గొంతు వాడిదే.

"పులివెందుల."

బల్ల మీద ఇద్దరు పక్కకు జరిగి చోటిచ్చారు. అంతకుముందు విష్ణుతేజకు ఎవరూ అలా చోటిచ్చి ఎరగరు.

బయటి జిల్లాలవాళ్లు ఫ్యాక్షన్ సినిమాలు చూసి మమ్మల్ని చూస్తే జడుసుకుంటారు, సరే. మాలో మేమే జడుసుకుంటామే, దానికేమనాలి! ప్రొద్దుటూరువాడికి పులివెందుల అంటే జంకు, పులివెందులవాడికి జమ్మలమడుగు అంటే జంకు. ఆ ఊళ్లలో చీనీ తోటలకు నీళ్లు పెట్టుకునేవాళ్లూ, పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాళ్లూ, గుళ్లో గంట కొట్టుకునేవాళ్లూ ఉంటారని ఎవరికీ తట్టదు. విష్ణుతేజ ఆ మాట అప్పుడే చెప్పి ఉండవచ్చు. మా నాయన పూజారి అంటే ఇద్దరూ నవ్వి మళ్లీ జరిగి కూర్చునేవాళ్లు. వాడు చెప్పలేదు.

మనిషిని మార్చడానికి పెద్ద పెద్ద బోధలు అక్కరలేదు. రోజూ సాయంత్రం అదే బల్ల, అవే మాటలు, అదే మంది ఉంటే చాలు. ఇంట్లో ఉన్నప్పుడు సంధ్య వార్చుకునే వేళ ఇక్కడ టీ బంకు వేళ అయింది. మొదట సంధ్య పోయింది. తరువాత తలకు నూనె పోయి గడ్డం వచ్చింది. పలచని టీషర్టులో జంధ్యం గీతలాగా కనబడుతోందని ఒకరోజు దాన్ని తీసి హాస్టల్ గది మేకుకు తగిలించాడు. రేపు వేసుకుందాంలే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు.

బల్ల మీద చోటు ఊరికే ఇవ్వరు కదా. గ్రౌండులో ఆటకు వంతుల తగాదా వచ్చినా, హాస్టల్ వార్డెను గట్టిగా మాట్లాడినా సుహాస్ విష్ణుతేజను వెంటబెట్టుకుపోయేవాడు. "మావోడు. పులివెందుల" అని మాత్రం అనేవాడు. విష్ణుతేజ ఒక అడుగు వెనక చేతులు కట్టుకుని, సిగ్గుతో వాళ్ల తలల పైన ఎక్కడో చూస్తూ నిలబడేవాడు. ఆ చూపును వాళ్లు పొగరనుకున్నారు. అవతలివాళ్లు తగ్గేవాళ్లు.

"నువ్వు మాట్లాడాకు మామా. మాట్లాడితే చెడిపోతాది. ఊరికే నిలబడు, సాలు" అని సుహాస్ నేర్పాడు. విష్ణుతేజకు అది బాగా నచ్చింది. ఎందుకు దాచాలి, శానా నచ్చింది.

వాళ్ల తరగతిలో భారతి అనే అమ్మాయి ఉండేది. జమ్మలమడుగు అవతల పల్లె. గొర్రెలు మేపుకుని బతికిన ఇల్లు, ఇప్పుడు కొంచెం సేద్యం కూడా చేస్తున్నారు. ఆ ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది ఆ పిల్లే. రోజూ బస్సు దిగి కాలేజీకి నడిచి వస్తుంటే సుహాస్ బండి మీద వెంటబడేవాడు. ఓర్చుకున్నంత ఓర్చుకుని ఆ పిల్ల ప్రిన్సిపాలుకు చెప్పింది. ప్రిన్సిపాలు సుహాస్‌ను, మీ నాయనను పిలుచుకుని రా అన్నాడు. సుహాస్ నాయన దగ్గరికి పోలేదు. విష్ణుతేజను బండి ఎక్కించుకుని భారతి ఇంటికి పోయాడు.

భారతి తండ్రి చిన్నసుబ్బయ్య గొర్రెల దొడ్డికి ముళ్లకంప సర్దుతున్నాడు. సుహాస్ ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"ఏం లేదు మామా, పిల్లోల్లం, ఏందో పొరపాటు జరిగింది. సారుకు ఒక్క మాట చెప్పండి, ఏం లేదని. ఈడు మా ఫ్రెండు. పులివెందుల."

చిన్నసుబ్బయ్య విష్ణుతేజను చూశాడు. భుజం మీది టవలు తీశాడు. దానితోనే మంచం దులిపి, "కూచోండప్పా" అన్నాడు. బాలసుబ్బయ్య వయసు మనిషి. దులిపినచోటే మళ్లీ మళ్లీ దులుపుతున్నాడు. అది విష్ణుతేజ చూశాడు. చూసి, చూపు పైకెత్తి ఇంటి చూరు మీద నిలిపాడు. గడపలో నిలబడిన భారతి వాడి మొహంలోకే చూస్తోంది. ఆ క్షణంలో నోరు విప్పితే అంతా అక్కడితో తేలిపోయేది. వాడు విప్పలేదు.

మరునాడు చిన్నసుబ్బయ్య కాలేజీకి ఫోను చేసి ఫిర్యాదేమీ లేదన్నాడు. సుహాస్ అందరికీ బిరియానీ పెట్టించాడు. భారతి మాత్రం కాలేజీకి రాలేదు. ఆ మరునాడూ రాలేదు. ఆ వారమంతా కిటికీ పక్క ఆమె చోటు ఖాళీగానే ఉండేసరికి, ఆమె స్నేహితురాలు సాయిలక్ష్మి ఒకరోజు విష్ణుతేజ ముందుకొచ్చి అంది.

"నువ్వు వచ్చి పోయినాంక వాళ్ల నాయన పంపీలేదంట. పరీక్షలు కూడా రాయనీడంట. సంబంధం సూస్తాండారు. సంతోషమేనా?"

ఆ పూట వాడు అన్నానికి లేవలేదు. నేనేమీ అనలేదు కదా అని లోపల ఎన్నిసార్లు అనుకున్నా, టవలుతో మంచం దులిపే ఆ చేయి కళ్లముందు నుంచి పోలేదు. సిగ్గుతో చితికిపోయాడు. ఆదివారం ఒక్కడే బస్సెక్కి ఆ పల్లెకు పోయాడు.

వాడిని చూడగానే చిన్నసుబ్బయ్య మొహం పాలిపోయింది. "సారుకు చెప్తిమి కదప్పా. పిల్లను కూడా మానిపిస్తిమి. ఇంకేం గావాల?"

"అది కాదు మామా. నేను పూజారి కొడుకును. మీరు భయపడాల్సినోన్ని కాదు. భారతిని పంపండి."

"అట్లనే అప్పా."

"నిజంగానే చెప్తాండా."

"కాదంటినా? నువ్వు మంచోడివే." ఆ పెద్దమనిషి ప్రతి మాటకూ తల ఊపుతూ వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. మొదటిసారి కంటే ఎక్కువ భయపడుతున్నాడు. ఒంటరిగా వచ్చి మెత్తగా మాట్లాడేవాడు ఇంకా ప్రమాదమని అనుకున్నాడేమో. విష్ణుతేజ చేయి అప్రయత్నంగా చొక్కా గుండీల మీదికి పోయింది. లోపల జంధ్యం లేదు. తను ఎవరో చెప్పడానికి ఒంటి మీద ఏమీ మిగలలేదు. తలవంచుకుని తిరిగి వచ్చాడు.

తనను నమ్మరు. ఇక నమ్మించగల మనిషి నాయన ఒక్కడే. ఆయనకు తెలియడం కంటే చావు నయమనిపించింది. అయినా మరునాడే పులివెందుల బస్సెక్కాడు.

మధ్యాహ్నం అన్నానికి కూర్చునేముందు ఇంట్లో చొక్కా విప్పాలి. విప్పాడు. వడ్డిస్తున్న తల్లి మంగమ్మ చేయి ఆగిపోయింది. బాలసుబ్బయ్య కొడుకు ఖాళీ ఎద వైపు ఒకసారి చూశాడు. విష్ణుతేజ ఇక దాచలేదు, ఏడుస్తూ అంతా చెప్పాడు.

"నువ్వేమన్నావు ఆయనను?"

"ఏమీ అనలేదు నాయనా. నిలబడినా, అంతే."

"నిలబడేది బాగా నేర్చుకున్నావు" అన్నాడు బాలసుబ్బయ్య. విస్తరి ముందునుంచి లేచి చేయి కడుక్కున్నాడు. మరునాడు పొద్దున కొడుకును వెంటబెట్టుకుని ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు బస్సెక్కాడు.

పంచె, విభూతి, భుజాన ఉత్తరీయంతో వాకిట్లోకి వచ్చిన మనిషిని చూసి చిన్నసుబ్బయ్య కంగారుగా టవలు తీసి, అలవాటు కొద్దీ కాళ్లు మొక్కడానికి వంగాడు. బాలసుబ్బయ్య గబుక్కున వెనక్కి జరిగాడు.

"వద్దప్పా. ఈ కాళ్లు ఇప్పుడు మొక్కించుకునేటివి కావు. ఈడు నా కొడుకు." తరువాత కొడుకు వైపు తిరిగి, "చెప్పు. ఆయన మొహం చూసి చెప్పు" అన్నాడు.

విష్ణుతేజ జీవితంలో మొదటిసారి ఒక మనిషి కళ్లలోకి చూశాడు. "తప్పయింది మామా" అన్నాడు. ఆ సన్నని గొంతు మధ్యలో పగిలి ఇంకా సన్నబడింది.

లోపలినుంచి భారతి గడపలోకి వచ్చింది. "ఇదేనా నీ గొంతు?" అంది. నవ్వు వచ్చినట్టుంది, అంతలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ పొద్దు ఈ గొంతుతో ఒక్క మాట మాట్లాడింటే మా నాయన జడుసుకునేటోడు కాదు గదా. ఎందుకు మాట్లాడలే?"

అట్లా నిలబడడం వాడికి నచ్చింది, అదీ జవాబు. అది చెప్పదగ్గది కాదు.

తండ్రులిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి చిన్నసుబ్బయ్య బిడ్డను మళ్లీ బస్సెక్కించాడు. బాలసుబ్బయ్యే ప్రిన్సిపాలును కలిసి సుహాస్ సంగతీ, తన కొడుకు సంగతీ చెప్పి వచ్చాడు. భారతి పరీక్షలు రాసింది. విష్ణుతేజ గడ్డం గీసుకున్నాడు, జంధ్యం వేసుకున్నాడు, సాయంత్రాలు టీ బంకు వైపు పోవడం మానేశాడు. అక్కడితో తన తప్పు తీరిపోయిందనే అనుకున్నాడు.

సెలవులకు ఇంటికి పోయిన శనివారం గుళ్లో తండ్రికి సాయంగా హారతి పళ్లెం పట్టుకున్నాడు. వారం వారం వచ్చే ముసలామె పెంచలమ్మ తీర్థం తీసుకుని, ఎప్పటిలాగే పూజారి కాళ్లు మొక్కబోయింది. బాలసుబ్బయ్య వెనక్కి జరిగాడు. "సామికి మొక్కుకో తల్లీ" అన్నాడు.

"ఇది ఎన్నో వారం సామీ" అంది పెంచలమ్మ, దిగులుగా. "కాళ్లు మొక్కనీయవు. నా చేత ఏమన్నా తప్పు జరిగిందా?"

"నీదేం లేదమ్మా" అన్నాడు బాలసుబ్బయ్య.

కొడుకు వైపు చూడలేదు. విష్ణుతేజ పళ్లెం పట్టుకుని, మాట్లాడకుండా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు.